డామ్ స్క్వేర్‌లో కాటా ఎత్తేశాక

ఆమ్‌స్టర్‌డామ్ చూడ్డానికి వచ్చిన మనవాళ్ళు కాలువల్ని మెచ్చుకుంటారు, సైకిళ్ళని చూసి నోరెళ్ళబెడతారు, డామ్ స్క్వేర్‌కి తీసుకొస్తే మాత్రం "ఊఁ" అని ఊరుకుంటారు. మా పెద్దమ్మ ఆ మాత్రం మొహమాటం కూడా పడలేదు. నాలుగు వైపులా ఓసారి చూసి, "ఇదేంట్రా, ఇంతేనా? మన కోనేరు సెంటరే నయం" అనేసింది. మాది బందరు లెండి.

ఆవిడని తప్పుపట్టడానికేం లేదు. పడమటి వైపు నల్లబారిన రాతితో ఓ రాజభవనం, దాని పక్కన శిఖరం లేని చర్చి. తూర్పున తెల్లటి స్తంభం, దాని వెనక పెద్ద హోటల్. ఉత్తరాన షాపింగ్ మాల్, దక్షిణాన మైనపు బొమ్మల మ్యూజియం. మధ్యలోంచి ట్రామ్ పట్టాలు. పావురాలు, వెండి రంగు పూసుకుని బొమ్మల్లా నిలబడే మనుషులు, సెల్ఫీలు. ఒకదానికొకటి పరిచయం లేని చుట్టాలు పెళ్ళిలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. వెనిస్‌లో సాన్ మార్కో చూసొచ్చినవాళ్ళకైతే మరీ నీరసం.

ఈ నీరసానికి ఇక్కడివాళ్ళు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: చవకబారు టూరిజం. ఆఫీసులో నాకో స్నేహితుడు ఉన్నాడు, చదివింది ఆర్కిటెక్చర్, చేసేది సాఫ్ట్‌వేర్. ఆ మైనపు బొమ్మలు తీసేసి, ట్రామ్‌ని పక్కకి మళ్ళించి, నాలుగు చెట్లు పెడితే డామ్ మళ్ళీ అందంగా అవుతుందంటాడు. నా గొడవంతా ఆ "మళ్ళీ" దగ్గరే. డామ్‌ని శుభ్రం చేసి అందంగా చేద్దామనే ఆలోచన కొత్తదేం కాదు. 200 ఏళ్ళ పైనుంచీ ఎవరో ఒకరు దాన్ని శుభ్రం చేస్తూనే ఉన్నారు. శుభ్రం చేసినప్పుడల్లా ఒక పని అక్కణ్ణుంచి పోయింది. ఇవాళ మనకి కనిపించే వెలితి ఆ శుభ్రం తాలూకుదే అని నా వాదన.

అసలు అక్కడ స్క్వేర్ కట్టాలని ఎవరూ అనుకోలేదు. ఆమ్‌స్టెల్ ఓ మోస్తరు ఏరు. ఉత్తరాన ఐ అనే అఖాతంలో కలిసేది. తుఫాను వస్తే అఖాతం నీళ్ళు ఏట్లోకి ఎదురుతన్నుకొచ్చేవి. 1270 ప్రాంతంలో ఏటికి అడ్డంగా ఓ కట్ట వేసి లాకులు పెట్టారు. కృష్ణా డెల్టాలో పుట్టినవాడికి ఇంతకంటే చెప్పక్కర్లేదు, లాకులున్న చోట ఏం జరుగుతుందో. పడవ ఆగుతుంది. ఆగిన చోట సరుకు దిగుతుంది. దిగిన చోట కూలీ, బేరగాడు, సుంకంవాడు, వాళ్ళకి తిండి పెట్టేవాడు చేరతారు. 1275 అక్టోబర్ 27న హాలండ్ కౌంట్ ఐదో ఫ్లోరిస్, ఆ కట్ట దగ్గర కాపురాలున్న జనానికి తన ఇలాకాలో సుంకం మాఫీ చేస్తూ ఓ పత్రం ఇచ్చాడు. ఊరి పేరు రాతలో కనిపించడం అదే మొదలు. అంటే కౌంటుగారి దృష్టిలో వాళ్ళు ఊరు కూడా కాదు, కట్ట దగ్గర ఉండేవాళ్ళు, అంతే.

కట్ట వెడల్పవుతూ పోయింది, పక్కనున్న ఖాళీ జాగాతో కలిసిపోయింది. అదే డామ్. ఉత్తరం వైపు దాన్ని ఒరుసుకుంటూ డామ్‌రాక్ అనే నీళ్ళు, అంటే ఊళ్ళోకి వచ్చిన రేవు. చిన్న పడవలు నేరుగా స్క్వేర్ అంచుకే వచ్చి ఆగేవి. ఆ పక్కనే చేపల బజారు. 1565లో స్క్వేర్ నడిమధ్య కాటా కట్టారు. కాటా అంటే ఓ మూల త్రాసు పెట్టుకున్న గది కాదు, అన్ని వైపులా పెద్ద పెద్ద తలుపులున్న రాతి కట్టడం. ఓ మోతాదు మించిన సరుకు ఏదైనా అక్కడికి మోసుకొచ్చి నగరపాలక సంస్థ త్రాసులో తూయించాలి, సుంకం కట్టాలి. కొనేవాడూ అమ్మేవాడూ ఒకణ్ణొకడు నమ్మనక్కర్లేదు, కాటాని నమ్మితే చాలు. 1656లో యోహానెస్ లింగెల్‌బాఖ్ వేసిన డామ్ చిత్రంలో ఈ సందడంతా ఉంది. సగం లేచిన టౌన్ హాలు, దానికి పరంజాలు, కాటా ముందు మూటలు, జనం, ఆ జనంలో తలపాగాలు చుట్టిన తూర్పుదేశపు వర్తకులు. ఆ చిత్రం చూశాక ఇవాళ్టి స్క్వేర్‌కి వస్తే, సంత ఎత్తేసిన మర్నాడు వచ్చినట్టుంటుంది.

ఆ పరంజాల వెనక లేస్తున్న టౌన్ హాలే ఇప్పటి రాజభవనం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే డామ్ మీద నాకున్న ఇష్టంలో సగం దీనిదే.

1648లో, స్పెయిన్‌తో 80 ఏళ్ళ యుద్ధం ముగిసిన ఏడే, శంకుస్థాపన. ఆర్కిటెక్ట్ యాకోబ్ ఫాన్ కాంపెన్. నేల అంతా బురద, పీటు మట్టి, పునాది నిలవదు. అందుకని 13,659 దుంగల్ని నిలువుగా నేలలోకి దిగ్గొట్టి వాటి మీద కట్టారు. ఈ అంకె ఇక్కడి బడిపిల్లలందరికీ నోటికొచ్చు. ఏడాదికి 365 రోజులు, ముందు ఒకటి, వెనక తొమ్మిది పెట్టుకోమంటారు. కట్టడం సాగుతుండగానే, 1652లో, పక్కనున్న పాత టౌన్ హాలు తగలబడిపోయింది. రెండ్రోజుల తర్వాత చిత్రకారుడు రెంబ్రాంట్ వచ్చి ఆ మొండిగోడల్ని గీసుకుని వెళ్ళాడు. పొగ వాసన ఇంకా పోకుండానే వచ్చి ఉంటాడు. పక్కన లేస్తున్న కొత్త వైభవం మాత్రం ఆ బొమ్మలో లేదు. 1655లో ప్రారంభోత్సవం అయింది, పనులు ఇంకో పదేళ్ళు సాగాయి.

ఇంత భవనానికి సింహద్వారం లేదు. ముందువైపు కింద ఏడు చిన్న తోరణాలు, అంతే. టూరిస్టులు ఎక్కణ్ణుంచి లోపలికి వెళ్ళాలో తెలియక అటూ ఇటూ తిరుగుతుంటారు. అప్పటి డచ్ దేశంలోని ఏడు రాష్ట్రాలకి గుర్తుగా ఏడు అంటారు. గుంపు ఒక్క ఊపున లోపలికి దూసుకురాకుండా అని ఇంకో మాట. నాకు రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే ఈ ఊరికి ఆ భయం ఉండాల్సిందే. 1535 మేలో అనబాప్టిస్టు అనే క్రైస్తవ వర్గానికి చెందిన తిరుగుబాటుదారులు రాత్రికి రాత్రి పాత టౌన్ హాల్లోకి చొరబడి ఆక్రమించుకున్నారు, మేయర్లలో ఒకాయన ఆ గొడవలోనే చచ్చిపోయాడు.

తోరణాలకి సరిగ్గా వెనక, నేల అంతస్తులో, మరణశిక్ష చదివే న్యాయస్థానం ఉంది. తెల్ల పాలరాయి గది. గోడల మీద బైబిల్లోని సొలొమోను రాజు తీర్పు చెక్కి ఉంటుంది. తలలు వంచుకున్న స్త్రీమూర్తులు పైనున్న బరువుని మోస్తుంటారు. ఆ గదికి స్క్వేర్ వైపు ఊచల కిటికీలు పెట్టారు, తీర్పు చదువుతుంటే డామ్ మీదున్న జనానికి వినపడాలని, కనపడాలని. శిక్ష అమలు కూడా ఆ ముందరే, భవనానికి ఆనించి కట్టిన మంచె మీద. 1664లో ఎల్స్యే క్రిస్టియాన్స్ అనే డెన్మార్క్ పిల్లని అక్కడే చంపారు. వయసు 18. పని వెతుక్కుంటూ ఈ ఊరొచ్చింది, అద్దె కట్టలేకపోయింది, ఇంటావిడతో గొడవ ముదిరి గొడ్డలి చేతికి తీసుకుంది. ఊరి అవతల కొయ్యకి కట్టిన ఆ పిల్ల శవాన్ని రెంబ్రాంట్ గీశాడు. గొడ్డలిని కూడా పక్కనే వేలాడదీశారు, బొమ్మలో అదీ ఉంది.

పై అంతస్తులో దివాలా కేసులు చూసే గది తలుపు మీద ఓ శిల్పం ఉంది. మైనపు రెక్కలతో ఎగరబోయి పడిపోతున్న గ్రీకు పురాణాల ఇకారస్. దాని చుట్టూ ఖాళీ పెట్టెలు, తీర్చని అప్పు కాగితాలు, వాటిని కొరుకుతున్న ఎలుకలు. దివాలా తీసినవాడు తన పేరు చెప్పుకోడానికి ఆ తలుపు కిందనుంచే లోపలికి వెళ్ళాలి. ఇంత కచ్చితమైన వెటకారం నేను ఏ ప్రభుత్వ ఆఫీసులోనూ చూడలేదు. నేలమాళిగలో బ్యాంకు, 1609లో పెట్టిన మార్పిడి బ్యాంకు. యూరప్ వర్తకులు తమ ఖాతాలు ఇక్కడ పెట్టుకునేవాళ్ళు. అంటే ఒకే కప్పు కింద డబ్బు దాచే చోటు, దివాలా ప్రకటించే చోటు, ఉరి చెప్పే చోటు. బయట నాలుగడుగుల్లో కాటా, దక్షిణాన కూతవేటు దూరంలో 1611లో ఏటి మీదే కట్టిన షేర్ మార్కెట్. నేను ఆర్కిటెక్చర్ చదవలేదు కానీ, స్క్వేర్ అంటే ఇదీ అనిపిస్తుంది. ప్రతి గోడకీ అక్కడ నిలబడ్డవాడితో ఏదో ఒక లావాదేవీ ఉంది.

పక్కన చర్చికి శిఖరం ఎందుకు లేదో కూడా ఈ కథలోదే. ఆ చర్చికి టౌన్ హాలుని మించిన గోపురం కట్టాలని మతం పట్టింపున్న వర్గం 1646లో మొదలుపెట్టించింది. 1653కల్లా పని ఆగిపోయింది. వర్తకులు గెలిచారు. మొండిగా మిగిలిన ఆ మొదలు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక్కడిదాకా చదివి నేను ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. బందరువాణ్ణి, నెత్తిన పెట్టుకోలేను. టౌన్ హాలు వెనక్కి వెళ్ళండి. టూరిస్టులు అటు రారు. అటువైపు ఒకప్పుడు కాలువ ఉండేది, 1884లో పూడ్చేశారు, ఇప్పుడు ట్రామ్ వెళ్తుంది. తలెత్తితే త్రికోణపు ముఖపట్టం, ఆర్టుస్ క్వెలినుస్ చెక్కించిన శిల్పాలు. మధ్యలో నగరానికి ప్రతీకగా ఆమ్‌స్టర్‌డామ్ కన్య కూర్చుని ఉంటుంది. నాలుగు ఖండాలూ వరసలో వచ్చి ఆమెకి కానుకలు ఇస్తుంటాయి. ఆసియా ఒంటెల్ని తోలుకుని వస్తుంది. అందరి పైనా భూగోళం మోస్తున్న అట్లాస్.

ఆ ఆసియాలో మా ఊరు ఉంది. శిల్పంలో కాదు, లెక్కల్లో. డచ్ ఈస్టిండియా కంపెనీ 1602లో పుడితే, నాలుగేళ్ళకే, 1606లో, గోల్కొండ కుతుబ్‌షాహీల అనుమతితో మచిలీపట్నంలోనూ, ఇవాళ నిజాంపట్నం అంటున్న పేటపోలిలోనూ కొట్లు తెరిచింది. తర్వాత పాలకొల్లు, ఆ తర్వాత భీమిలి. వాళ్ళకి కావలసింది మన బట్ట. పేటపోలి వైపు ఇసకనేలల్లో దొరికే చిరివేరుతో అద్దిన ఎరుపుకి సాటి లేదు, ఉతికే కొద్దీ నిగ్గు తేలుతుంది. ఆ అద్దకపు బట్ట జావా, మలుకు దీవులకి వెళ్ళేది. అక్కడివాళ్ళు వెండి ఇస్తామంటే వద్దని, ఈ బట్ట ఇస్తే మిరియాలూ లవంగాలూ ఇచ్చేవాళ్ళు. ఆ లవంగాలు ఆమ్‌స్టర్‌డామ్ చేరి డబ్బయ్యేవి. కంపెనీ వాటాలు డామ్ పక్కనున్న షేర్ మార్కెట్లో చేతులు మారేవి. కోరమాండల్ తీరంలో కరువు వచ్చిన ఏళ్ళల్లో కంపెనీ ఓడలు బట్టతో పాటు మనుషుల్ని కూడా కొని బటావియాకి, అంటే ఇవాళ్టి జకార్తాకి, తీసుకెళ్ళాయి. ఆ పని ఎక్కువగా పులికాట్ నుంచి జరిగింది. ఇవన్నీ వాళ్ళ ఖాతాపుస్తకాల్లోనే రాసుకున్నారు, దాచుకోలేదు.

బందరుకోట దగ్గర డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పురావస్తుశాఖ వాళ్ళ రక్షణలో. నల్లరాతి పలకల మీద వంశచిహ్నాలు, పొందికైన అక్షరాలు. చిన్నప్పుడు ఆ అక్షరాల్ని వేలితో తడుముతూ ఇంగ్లీషు అనుకుని చదవబోయేవాళ్ళం. అర్థమయ్యేది కాదు, మా ఇంగ్లీషు మాస్టారి మీదే అనుమానం వచ్చేది. 1824 ఒప్పందంతో డచ్చివాళ్ళు ఇండియాలో తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. ఆ రాళ్ళు చూసినవాడికి ఈ వెనక గోడ మీద ఒంటెల్ని చూస్తే కొంచెం కోపం, చాలా కుతూహలం. కోపం ఎందుకంటే కానుక అని చెక్కారు, అది బేరం, కొన్నిచోట్ల బలవంతం. 2021 జులైలో ఈ నగర మేయర్ ఫెంకె హాల్సెమా బానిస వ్యాపారంలో నగరం పాత్రకి క్షమాపణ చెప్పారు. మంచిదే. ఆ గోడ ముందు నిలబడి చెప్పుంటే ఇంకా బాగుండేదని నా చాదస్తం.

సరే, కాటా సంగతి. 1806లో నెపోలియన్ తన తమ్ముడు లూయీని హాలండ్‌కి రాజుని చేశాడు. 1808లో లూయీ టౌన్ హాలుని తన భవనంగా మార్చుకున్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కాటా అడ్డం. చూపుకి అడ్డమని 243 ఏళ్ళుగా పనిచేస్తున్న కట్టడాన్ని కూల్చేయించాడు. అదే ఏడాది భవనం ముందువైపు ఓ బాల్కనీ పెట్టించాడు. డామ్ చరిత్రలో నన్ను అన్నిటికంటే చిరాకు పెట్టేది ఈ జంట నిర్ణయమే. అప్పటిదాకా ఆ భవనంలోవాళ్ళు కింద తోరణాల్లోంచి బయటికి వచ్చేవాళ్ళు. ఇకనుంచి పైనుంచి చెయ్యి ఊపుతారు. కింద తూకం వేసే పని ఉన్నంతకాలం స్క్వేర్ జనానిది. చూపు సాఫీగా సాగడం ముఖ్యమయ్యాక అది బాల్కనీది. లూయీ రెండేళ్ళకి గద్దె దిగిపోయాడు, బాల్కనీ మాత్రం ఉండిపోయింది. నగరపాలక సంస్థ తన సొంత టౌన్ హాల్లోకి మళ్ళీ వెళ్ళలేదు. 1936లో దాన్ని దేశానికి అమ్మేసింది. రాజకుటుంబం ఉండేది హేగ్‌లో, ఇక్కడికి పెద్ద పెద్ద వేడుకలకి వస్తారు. యూరప్‌లో అంత గొప్ప టౌన్ హాలు ఏడాదిలో చాలా రోజులు మ్యూజియం.

మిగతావి ఒక్కొక్కటే పోయాయి, వేగంగా చెప్పేస్తాను. పాత షేర్ మార్కెట్ కూల్చి, డామ్‌రాక్ నీళ్ళని కొంత పూడ్చి, 1845లో కొత్తది కట్టారు. అది ఎవరికీ నచ్చలేదు, 1903లో అదీ పోయింది. ఆ జాగాలో ఇప్పుడు షాపింగ్ మాల్. 1880లలో డామ్‌రాక్ ఇంకాస్త పూడింది. 1930లలో దక్షిణాన రోకిన్ కూడా పూడింది. నీటికి అడ్డంగా వేసిన కట్టకి రెండు వైపులా నీళ్ళు లేకుండా పోయాయి. మధ్యలో 1856లో ఐక్యతాదేవి విగ్రహం ఒకటి పెట్టారు, జనం దానికి నాట్యె అని ముద్దుపేరు పెట్టుకున్నారు. రాయి నాసిరకం, చెయ్యి ఊడిపోయింది. 1914లో ట్రామ్‌కి అడ్డమని తీసేశారు. మెట్రో కోసం ఇటీవల డామ్‌రాక్, రోకిన్‌ల కింద తవ్వితే పాత ఏటి అడుగున దాదాపు 7 లక్షల వస్తువులు దొరికాయి. తాళంచెవులు, పళ్ళేలు, చెప్పులు, నాణేలు. కొన్నిటిని రోకిన్ స్టేషన్‌లో ఎస్కలేటర్ల పక్కన అద్దాల్లో పెట్టారు. పనిచేసే స్క్వేర్ ఎలా ఉండేదో చూడాలంటే పైకంటే అక్కడ బాగా కనిపిస్తుంది.

పని పోయాక ఆ జాగాకి మిగిలింది జనం గుమిగూడటం ఒక్కటే. అదీ ఊరికే రాలేదు. 1945 మే 7న, యుద్ధం అయిపోయిందని, కెనడా సైన్యానికి స్వాగతం చెబుదామని వేలమంది చేరారు. ఓ క్లబ్బు భవనంలో ఇంకా ఉన్న జర్మన్ నావికులు మెషిన్ గన్లతో కాల్చారు. 30 మందికి పైగా పోయారు. ఆ రోజు ఫొటోల్లో ఒకటి నా కళ్ళల్లోంచి పోదు. ఓ వీధిదీపం స్తంభం, దాని వెనక ఒకరి వెనక ఒకరు వరసగా నక్కిన మనుషులు. అంత సన్నటి స్తంభం ఎంతమందిని కాస్తుంది? ఇంకో ఫొటోలో వీధి సంగీతం వాయించే చిన్న బండి చాటున దాక్కున్నారు. విశాలంగా, శుభ్రంగా, చూపుకి అడ్డం లేకుండా చేసిన స్క్వేర్‌లో దాక్కోడానికి చోటు ఉండదు. కాటా ఉండుంటే? ఇలాంటి ప్రశ్నలకి అర్థం లేదని తెలుసు, అయినా వస్తుంది.

ఆ తెల్లస్తంభం 1956 నాటి జాతీయ స్మారకం. 22 మీటర్లు. దాని వెనక గోడలో కలశాలు, 11 రాష్ట్రాల మట్టి, పన్నెండోదాంట్లో అప్పటి ఈస్టిండీస్, అంటే ఇవాళ్టి ఇండోనేషియా, మట్టి. ఏటా మే 4 రాత్రి 8 గంటలకి దేశం రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది, రాజు అక్కడే నిలబడతాడు. మిగతా రోజుల్లో ఆ మెట్ల మీద కూర్చుని జనం చిప్స్ తింటారు. 1960ల చివర్లో హిప్పీలు అక్కడే పడుకునేవాళ్ళు. 1970 ఆగస్టులో నిషేధం పెట్టారు, అల్లర్లయ్యాయి, చివరికి మెరైన్లు వచ్చి ఖాళీ చేయించారు. మళ్ళీ శుభ్రం. 1980 ఏప్రిల్ 30న బెయాట్రిక్స్ రాణి అయిన రోజు ఆ బాల్కనీ మీదికొచ్చి చెయ్యి ఊపుతుంటే, చుట్టుపక్కల వీధుల్లో ఇళ్ళు లేని కుర్రాళ్ళు పోలీసులతో తలపడ్డారు. ఇల్లు లేకుండా పట్టాభిషేకం లేదన్నది వాళ్ళ నినాదం. 2020 జూన్ 1న, కరోనా ఆంక్షల మధ్య, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యకి నిరసనగా వేలమంది నిండిపోయారు. ఎందుకు ఆపలేదని మేయర్‌ని తిట్టిపోశారు. అప్పుడు నేను ఇంట్లో టీవీలో చూస్తూ, ఆ స్క్వేర్ నిండి ఉండటం ఎన్నాళ్ళకి చూశానా అనుకున్నాను.

మా స్నేహితుడితో ఇదంతా చెబితే, "అయితే ఏమంటావ్, మళ్ళీ చేపలు అమ్మాలా?" అన్నాడు. అమ్మితే తప్పేంటి? చేపలే అక్కర్లేదు. వారానికోసారి కూరగాయల సంత పెట్టుకోవచ్చు, సైకిల్ రిపేర్ చేసేవాళ్ళకి నాలుగు అడుగుల జాగా ఇవ్వొచ్చు, నగరపాలక సంస్థ తన కౌంటర్లు రెండు ఆ ఏడు తోరణాల వెనకే తెరవొచ్చు, జనన ధ్రువపత్రం కోసం వచ్చినవాడు సొలొమోను పక్కనుంచి నడిచి వెళ్తాడు. చెట్లూ బెంచీలూ పెడితే కూర్చోడానికి బాగుంటుంది, కాదనను. కూర్చున్నవాడు ఐదు నిమిషాలకి లేచిపోతాడు. పని ఉన్నవాడు రేపు మళ్ళీ వస్తాడు.

ఏడాదిలో కొన్నిసార్లు డామ్ మీద తిరనాళ్ళు పెడతారు. జెయింట్ వీల్, ఊయలలు, నూనెలో వేయించే మిఠాయిల బళ్ళు, జనరేటర్ల రొద. రాజభవనం ముందు ఈ గోలేంటని పత్రికలకి ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు. మా స్నేహితుడికి దాన్ని చూస్తే ఒళ్ళు మంట. నాకు మాత్రం డామ్ బాగుండేది ఆ రోజుల్లోనే. చూపుకి అడ్డంగా ఏదో ఉంటుంది, ఎవరో చెమటలు కక్కుతూ పిండి కలుపుతుంటారు, ఎవరో చిల్లర దగ్గర గొడవ పడుతుంటారు, బాల్కనీని ఎవరూ పట్టించుకోరు. పెద్దమ్మ ఈసారి వస్తే ఆ రోజులు చూసి టికెట్ బుక్ చేయాలి.